బోదకాలు పురుగు రాత



మొన్న భవానీపురంలో మన చదువుల కేంద్రానికి వచ్చే పెద్దమ్మ ఒకావిడ నన్ను అడిగింది. "ఇంటికొచ్చి ఇచ్చిన బిళ్లలు మింగాను గదా. నా కాలి వాపు పోలేదేం పంతులమ్మా?"

జవాబు చెప్పాలంటే ముందు పురుగు సంగతి చెప్పాలి.

బోదకాలు దోమకాటు వల్ల వస్తుంది. మురుగునీళ్లలో పెరిగే దోమ అది. దాని వల్ల సన్నని దారం లాంటి పురుగులు ఒంట్లో చేరతాయి. పెద్ద పురుగులు కొన్నేళ్లు బతుకుతాయి. లక్షల్లో పిల్లల్ని పెడతాయి. ఆ పిల్ల పురుగులు రాత్రిపూట నెత్తురులో తిరుగుతాయి. అందుకే నెత్తురు పరీక్షకు రాత్రిపూట వస్తారు.

మనకు పంచిన బిళ్లల్లో ఒకటి డి.ఇ.సి. ఆ మందు వెనుక ఉన్నది మన తెలుగాయనే. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్లి, లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన నడిపించారు. 1947లో ఈ మందు వచ్చింది. అప్పుడు రసాయనాలను ఒక్కొక్కటిగా ఎలుకల మీద వేసి చూసేవారు. ఎంత ఓపిక కావాలో చూడండి!

ఆ బిళ్ల పిల్ల పురుగుల్ని బాగా చంపుతుంది. పెద్ద పురుగులు అన్నీ చావవు. బాగా వాచిన కాలు బిళ్లతో మామూలు కాదు. పెద్దమ్మకు ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే అనిపించింది.

పెద్ద పురుగుల్ని చంపే కొత్త మందు కావాలి. ఇప్పుడు ఆ వెతుకులాటకు కంప్యూటర్ సాయం చేస్తోంది.

మనం 56 అక్షరాలు దిద్దుకున్నాం. ప్రతి ప్రాణి ఒంట్లోనూ ఒక రాత ఉంటుంది. నుదుటి రాత కాదండోయ్! ఈ రాతకు అక్షరాలు నాలుగే. బోదకాలు పురుగుల్లో ఒక రకం రాతను శాస్త్రవేత్తలు చదివి 2007లో బయటపెట్టారు. మన జిల్లాల్లో ఉండే పురుగుకు అది దగ్గరి చుట్టం. దాని రాతలో అక్షరాలు దాదాపు 9 కోట్లు. అందులో 11 వేలకు పైగా మాటలు. ఒక్కో మాట ఒంట్లో ఒక్కో పని చేయిస్తుంది.

అన్ని మాటలు మనిషి కూర్చుని సరిచూడగలడా? కంప్యూటర్ చూస్తుంది.

మట్టిలో బతికే చిన్న పురుగు ఒకటుంది. మనకు ఏ హానీ చేయదు. ఏ మాటను ఆపితే అది చస్తుందో ముందే చూసి రాసిపెట్టారు. ఆ మాటలు బోదకాలు పురుగులోనూ ఉన్నాయా అని కంప్యూటర్‌తో వెతికించారు. తర్వాత మనిషి రాతతో పోల్చారు. ఎందుకు? అదే మాట మనలోనూ ఉంటే మందు పురుగుతో పాటు మనకూ తగులుతుంది. చేటలో బియ్యం ఏరినట్టు ఏరితే, చివరికి దాదాపు 600 మాటలు మిగిలాయి. మందు దెబ్బ తగలాల్సిన చోట్లు అవే కావచ్చు.

ఈ పని పేరు బయో ఇన్ఫర్మాటిక్స్. విడగొట్టి చదవండి: బయో, ఇన్‌ఫర్, మాటిక్స్.

అయితే కంప్యూటర్ ఇచ్చింది జాబితానే, మందు కాదు. దాన్ని పట్టుకుని మందు తయారుచేయాలి. ముందు జంతువుల మీద, తర్వాత మనుషుల మీద పరీక్షించాలి. ఏళ్లు పడుతుంది.

"అప్పటిదాకా నా కాలు?" అంది పెద్దమ్మ.

రోజూ సబ్బుతో కడగాలి. వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవాలి. పుండు పడినా, జ్వరం వచ్చినా ఆస్పత్రికి వెళ్లాలి.