44 రోజుల కవి ప్రధాని

రుమేనియా ప్రధాని కుర్చీలో ఆక్టేవియన్ గోగా కూర్చున్నది 44 రోజులే. 1937 డిసెంబరు 28న ఎక్కి, 1938 ఫిబ్రవరి 10న దిగిపోయాడు. మరో మూడు నెలలైనా తిరక్కుండా, మే 7న కన్నుమూశాడు. ఆయన గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది మనిషిని రెండు వాటాలు వేస్తారు. కవి గొప్పవాడు, రాజకీయవేత్త చెడ్డవాడు అంటారు. మొదటివాణ్ని పాఠ్యపుస్తకంలో ఉంచి, రెండోవాణ్ని చరిత్రకారులకు అప్పజెబితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. కానీ ఈ పంపకం కుదరదు. రాజకీయవేత్త అనుభవించిన పరపతి అంతా కవి సంపాదించి పెట్టిందే.

ఆ సంపాదన ఎలాంటిదో ముందు చూడాలి. గోగా 1881లో సిబియు పట్టణం దగ్గరి రషినారి గ్రామంలో, ఒక పూజారి ఇంట్లో పుట్టాడు. అది ట్రాన్సిల్వేనియా ప్రాంతం, అప్పుడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. అక్కడి జనంలో ఎక్కువమంది రుమేనియన్లే. అయినా కచేరీల్లో, కోర్టుల్లో, పెద్ద ఉద్యోగాల్లో చెల్లేది హంగేరియన్ భాష. 1905లో వచ్చిన గోగా తొలి కవితా సంపుటిలో దుక్కి దున్నే రైతులు, పల్లెటూరి పంతుళ్లు, ఓల్ట్ నది ఒకే గోడు వినిపిస్తారు: నేల మాది, ఏలుబడి మాది కాదు. మరుసటి ఏడాది రుమేనియన్ అకాడమీ ఆ పుస్తకానికి బహుమతి ఇచ్చింది. సిఫార్సు చేసినవాడు విమర్శకుడు టిటు మయొరెస్కు. కవిత్వంలోకి రాజకీయాన్ని రానివ్వకూడదని అంతకు నలభై ఏళ్ల కిందటే గిరి గీసిన మనిషి ఆయన. దేశభక్తి నిజమైన అనుభూతిగా పొంగితే అదీ కవిత్వమే అవుతుందని గోగా కోసం ఆ గిరిని కాస్త జరిపాడు. కవితలు అంత బలంగా ఉన్నాయి మరి.

కవితలతో ఆగిపోలేదు. హంగరీ ప్రభుత్వం ఆయన్ని సెగెద్ జైల్లో పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సరిహద్దు దాటి రుమేనియా పక్షాన నిలిచినందుకు, మనిషి చేతికి చిక్కకపోయినా మరణశిక్ష వేసింది. 1918లో ట్రాన్సిల్వేనియా రుమేనియాలో కలిసేసరికి గోగా ఆ కల నిజం చేసినవాళ్లలో ఒకడు. తర్వాత మంత్రి అయ్యాడు, 1926లో ప్రధాని అవెరెస్కు ప్రభుత్వంలో హోం శాఖ చూశాడు. 1935లో తన పార్టీని ఎ.సి. కూజా పార్టీతో కలిపేశాడు. యూదులను ద్వేషించడమే జీవితకాలపు వృత్తిగా పెట్టుకున్న ప్రొఫెసర్ కూజా. వాళ్ల గుర్తు స్వస్తిక, కార్యకర్తలవి నీలం చొక్కాలు. 1937 డిసెంబరు ఎన్నికల్లో ఈ ఉమ్మడి పార్టీకి వచ్చినవి 9 శాతం ఓట్లు, దక్కినది నాలుగో స్థానం. అయినా రాజు రెండో కరోల్ ప్రభుత్వం ఏర్పాటు చేయమని పిలిచింది గోగానే. మెజారిటీ ఎవరికీ రాలేదు. ఐరన్ గార్డు అనే ఇంకా తీవ్రమైన పార్టీ బలం పుంజుకుంటోంది. ఎక్కువ రోజులు నిలవలేని ప్రభుత్వం రాజుకు కావాలి, ముందు పెట్టడానికి మర్యాదస్తుడి ముఖమూ కావాలి. కూజా ముఖం అందుకు పనికిరాదు. జైలుకెళ్లిన జాతీయ కవి ముఖం పనికొచ్చింది.

1938 జనవరి 22 నాటి డిక్రీతో యూదుల పౌరసత్వాల పునఃపరిశీలన మొదలైంది. ఊళ్లలో జాబితాలు అంటించారు. వాటిలో పేరున్న ప్రతివాడూ గడువులోగా కాగితాలు తెచ్చి, తాను పౌరుణ్నేనని తానే రుజువు చేసుకోవాలి. ఆ కాగితాలు ఎక్కడివి? చాలామందివి కూలిపోయిన ఆస్ట్రియా-హంగరీవో, రష్యా సామ్రాజ్యానివో. చూపలేనివాడు పుట్టిన ఊళ్లోనే విదేశీయుడవుతాడు. చేతికి వచ్చేది ఏడాదికోసారి మార్చుకోవాల్సిన గుర్తింపు పత్రం. మరి ఆ డిక్రీ తెచ్చిన ప్రధాని పుట్టింది ఏ దేశంలో? ఆయన జన్మ పత్రమూ అదే కూలిపోయిన సామ్రాజ్యానిది. కాకపోతే ఆయన్ని అడిగేవాడు లేడు.

1905 నాటి కవితలకు 1938 నాటి డిక్రీని అంటగట్టడం అన్యాయమనే వాదన ఉంది. అందులో న్యాయం ఉంది. అదే ట్రాన్సిల్వేనియా, అదే అణచివేత యూలియు మానియు అనే మరో రుమేనియన్ నాయకుణ్ని పార్లమెంటరీ రాజకీయాల్లో నిలబెట్టాయి. కాబట్టి ఆ కవితలు డిక్రీకి దారితీసి తీరాలని లేదు. నేనంటున్నది వేరు. ‘మేము’ అని గొంతెత్తిన కవికి ఒక ఖ్యాతి వచ్చింది: అన్యాయానికి గురైనవాడు అన్యాయం చేయడన్న భరోసా. ఆ భరోసాను ఎవరూ విడిగా పరీక్షించలేదు. ఆ ‘మేము’లో ఎవరికి చోటుంది, ఎవరికి లేదు అని అడగలేదు. పరాయి పాలనలో ఆ ప్రశ్న రాదు. రాజ్యం చేతికొచ్చాక అసలు ప్రశ్న అదే.

గోగా ఆ డిక్రీని అజ్ఞానం వల్ల తెచ్చాడనీ అనలేం. తనను జైల్లో పెట్టిన హంగేరియన్ల సాహిత్యాన్ని ఆయన ప్రేమించాడు. నాటకకర్త మదాచ్ రాసిన నాటకాన్ని రుమేనియన్‌లోకి తెచ్చాడు, హంగేరియన్ మహాకవి ఎంద్రె ఆడీతో స్నేహం చేశాడు. ఆడీ చనిపోయాక ఆయన భార్య నుంచి చూచా గ్రామంలోని ఇంటిని కొని, చివరికి అక్కడే కన్నుమూశాడు. పరాయివాణ్ని అర్థం చేసుకునే శక్తి ఆయనకు నిండుగా ఉంది. దాన్ని ఎవరిమీద ప్రయోగించాలో ఎంచుకున్నాడు, అంతే.

రాజు చేతిలో పావు అయ్యాడన్న సమర్థన ఇంకొకటి. రాజు వాడుకున్న మాట నిజం. పని అయ్యాక తోసేసి, పార్లమెంటరీ వ్యవస్థకే మంగళం పాడి నిరంకుశ పాలన పెట్టాడు. అయితే పావుకు సొంత మాట ఉండదు. గోగా వీడ్కోలు ప్రసంగంలో తనను దించింది రాజు అనలేదు, యూదులు గెలిచారన్నాడు. ఇక 44 రోజుల్లో ఏం చేయగలడు అన్నవాళ్లకు జవాబు ఆయన తర్వాతి కాలంలో ఉంది. కవిని దించిన రాజు డిక్రీని మాత్రం ఉంచేశాడు. పరిశీలన 1939 దాకా సాగింది. పౌరసత్వం పోగొట్టుకున్నవాళ్లు 2,25,000కు పైమాటే. పరిశీలనకు గురైన యూదుల్లో మూడో వంతు కంటే ఎక్కువ.