గ్రేట్ ఆక్: అరుదు కావడమే శాపమైన పక్షి

1844 జూన్ ఆరంభంలో ఐస్‌లాండ్ నైరుతి తీరానికి ఎదురుగా సముద్రం నుంచి నిట్టనిలువుగా లేచిన ఎల్డే అనే రాతి దీవిపైకి ముగ్గురు వ్యక్తులు ఎక్కారు. అక్కడ గుడ్డును పొదుగుతున్న ఒక జంట పక్షులను పట్టుకుని చంపారు. గుడ్డు చిట్లిపోవడంతో దానిని అక్కడే వదిలేశారు. గ్రేట్ ఆక్ జాతికి చెందిన చివరి జంటగా చరిత్రలో నమోదైనవి ఈ పక్షులే. వాటిని చంపింది ఆకలి తీర్చుకోవడానికి కాదు, నమూనాలు కోరిన ఒక సేకర్త కోసం.

ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో జీవించిన ఈ పక్షి దాదాపు 80 సెంటీమీటర్ల ఎత్తు, 5 కిలోల బరువు ఉండేది. కురచ రెక్కలు ఎగరడానికి పనికిరాకపోయినా, నీటిలో తెడ్లలా పనిచేసేవి. ‘పెంగ్విన్’ అన్న పేరు మొదట దీనిదే. దక్షిణార్ధగోళంలో ఇలాంటి పక్షులే కనిపించడంతో నావికులు వాటినీ అలాగే పిలిచారు. రెండింటికీ దగ్గరి బంధుత్వం మాత్రం లేదు.

నీటిలో ఎంత చురుకైనదో, నేలపై అంత నిస్సహాయమైనది. పైగా ఏడాదికి ఒకే గుడ్డు పెట్టేది. న్యూఫౌండ్‌లాండ్ సమీపంలోని ఫంక్ దీవిలో ఇవి వేల సంఖ్యలో గుమిగూడేవి. 1534లో అక్కడికి చేరిన జాక్ కార్టియే బృందం అరగంటలోపే రెండు పడవలను వీటితో నింపుకుంది. మాంసం, గుడ్ల కోసం సాగిన వేట 18వ శతాబ్దంలో పరుపులు, దిండ్లలో నింపే ఈకల వ్యాపారంగా మారింది. వేటగాళ్లు వేసవి అంతా దీవిలోనే మకాం వేసేవారు. ఈకలు సులువుగా ఊడేందుకు పక్షులను వేడినీటిలో ముంచేవారు. దీవిలో చెట్లు లేవు. నీళ్లు కాచడానికి కొవ్వు పట్టిన ఆ పక్షులనే వంటచెరకుగా వాడారు. ఇలాగే సాగితే జాతి మిగలదని జార్జ్ కార్ట్‌రైట్ 1785లోనే హెచ్చరించినా, 1800 నాటికి ఆ దీవి దాదాపు ఖాళీ అయింది.

ఐస్‌లాండ్ వద్ద మిగిలిన పక్షులకు ఆశ్రయమిచ్చిన గైర్‌ఫుగ్లాస్కెర్ దీవి 1830లో అగ్నిపర్వత ఉత్పాతంతో మునిగిపోయింది. అవి ఎల్డేకు చేరాయి. అప్పటికి ఐరోపా మ్యూజియంలు, సంపన్న సేకర్తలు వీటి చర్మాలకు, గుడ్లకు మంచి ధర ఇస్తున్నారు. సంఖ్య తగ్గినకొద్దీ ధర పెరిగింది, ధర పెరిగినకొద్దీ వేట ఆగలేదు. వాతావరణ మార్పులతో ఈ జాతి అప్పటికే క్షీణిస్తోందన్న వాదనకు 2019లో వెలువడిన జన్యు అధ్యయనంలో ఆధారం దొరకలేదు. అంతరించడానికి వేట ఒక్కటే సరిపోయి ఉండవచ్చని అది తేల్చింది.

1858లో జాన్ వూలీ, ఆల్ఫ్రెడ్ న్యూటన్ ఈ పక్షిని వెతుక్కుంటూ ఐస్‌లాండ్ వెళ్లారు. సముద్రం అనుకూలించక ఎల్డేపై అడుగుపెట్టలేకపోయారు. నాటి వేటలో పాల్గొన్నవారి మాటలను నమోదు చేసుకుని వెనుదిరిగారు. మనుషుల చేతిలో ఒక జాతి పూర్తిగా నశించగలదని గుర్తించిన న్యూటన్, గూడు కట్టే కాలంలో వేటను నిషేధించాలని వాదించారు. బ్రిటన్‌లో 1869లో సముద్ర పక్షుల సంరక్షణ చట్టం వచ్చింది.

ప్రపంచవ్యాప్తంగా నేడు మిగిలినవి సుమారు 80 చర్మాలు, 75 గుడ్లు. ఎల్డేలో చనిపోయిన జంట అంతర్భాగాలు కోపెన్‌హాగన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.