ఆవిరిపై నిండు చేప: రెండు నిమిషాల్లో ఎంత తేడా!

చైనా దక్షిణాన ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో చేపను తల, తోకతో సహా ఆవిరిపై ఉడికించి వడ్డిస్తారు. చైనా భాషలో ‘చేప’, ‘మిగులు’ అనే మాటలు ఒకేలా పలుకుతాయి. అందుకే కొత్త సంవత్సరపు విందులో నిండు చేపను శుభసూచకంగా భావిస్తారు. కారం, మసాలా లేని ఈ వంటలో పొరపాటు వెంటనే తెలిసిపోతుంది. రెండు నిమిషాలు ఎక్కువైతే కండ పీచులా మారుతుంది, తక్కువైతే వెన్నుముల్లు దగ్గర పచ్చిగా ఉంటుంది. దీనికి కారణమేమిటి?

ఆవిరిలో దాగిన వేడి

ఒక గ్రాము మరిగే నీరు 60 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబడితే 40 కేలరీల వేడిని ఇస్తుంది. అదే ఒక గ్రాము ఆవిరి నీరుగా మారితే చాలు, దాదాపు 540 కేలరీలు విడుదలవుతాయి. ఇదే గుప్తోష్ణం. మన ఇడ్లీ ఉడికేదీ, ఆవిరి తగిలితే చేయి తీవ్రంగా కాలేదీ దీనివల్లే. చల్లని చేపను తాకిన ఆవిరి నీరుగా మారుతూ ఈ వేడిని దానికి అందిస్తుంది. అందుకే నీరు బాగా మరిగాకే చేపను లోపల పెట్టాలి. మధ్యలో మూత తీయకూడదు. చేప కింద ఉల్లికాడలు పరిస్తే ఆవిరి అడుగుకూ చేరుతుంది.

కండలో జరిగేది

చేప కండలోని మయోసిన్ అనే ప్రోటీన్ 40 డిగ్రీల దగ్గరే గట్టిపడటం మొదలవుతుంది. 60 డిగ్రీలు దాటాక యాక్టిన్ కూడా ముడుచుకుని, కండలోని నీటిని బయటకు పిండేస్తుంది. అలాగని పచ్చిగా తినడం ప్రమాదం. గ్వాంగ్‌డాంగ్‌లో పచ్చి మంచినీటి చేపల ద్వారా లివర్ ఫ్లూక్ అనే పరాన్నజీవి మనుషులకు సోకుతుంది. లోపలి భాగం 63 డిగ్రీలకు చేరితే చేప సురక్షితం. 600-700 గ్రాముల చేపకు సాధారణంగా 8-10 నిమిషాలు పడుతుంది. మందం పెరిగే కొద్దీ సమయం అంతకు మించి పెరుగుతుంది కాబట్టి మందమైన చోట గాట్లు పెట్టాలి. కండ తెల్లబడి, ముల్లు నుంచి తేలిగ్గా విడివడితే ఉడికినట్లే.

కూరగాయలు

క్యారెట్, పుట్టగొడుగులను సన్నగా తరిగి చేపతోపాటే పెట్టవచ్చు. బాక్‌చాయ్ వంటి ఆకుకూరను మాత్రం విడిగా రెండు మూడు నిమిషాలు ఉడికిస్తే చాలు. ఎక్కువసేపు ఉడికితే పత్రహరితం మెగ్నీషియాన్ని కోల్పోయి, ఆకు రంగు మాసిపోతుంది. నీటిలో కరిగే విటమిన్ సి, నీళ్లలో ఉడికించినప్పటి కంటే ఆవిరిపై తక్కువగా నష్టపోతుంది.

చివరి మెరుగు

సముద్రపు చేప నిల్వ ఉంటే బ్యాక్టీరియా వల్ల ట్రైమిథైలమైన్ ఏర్పడి నీచు వాసన వస్తుంది. అందుకే తాజా చేపనే ఎంచుకోవాలి, ఉడికాక పళ్లెంలో చేరిన నీటిని పారబోయాలి. ఆవిరి వేడి 100 డిగ్రీలు దాటదు కాబట్టి వేపుడు పరిమళం రాదు. ఆ లోటు తీర్చేందుకే చేపపై అల్లం, ఉల్లికాడల తురుము వేసి, సలసల కాగిన నూనె పోస్తారు. వాటి సువాసన పదార్థాలు నూనెలో కరిగి ఘుమఘుమలాడతాయి. చివరగా చేప చుట్టూ కాస్త సోయా సాస్ పోస్తే వంట పూర్తయినట్లే.