బిగువుకు కొలత ఎంత?

రబ్బరు టైర్లు రాకముందు శ్రీకాకుళం జిల్లా భావనపాడు, నౌపడ ప్రాంతములలో ఉప్పు, చేపలు, ధాన్యము మోసిన ఎడ్లబండ్లకు కొయ్య చక్రములుండెడివి. చక్రము చుట్టు ఇనుప పట్టా ఉండెడిది. మేకులు కొట్టినను అవి నామమాత్రమే. రాళ్లలో, ఇసుకలో ఏండ్ల తరబడి దొరలినను ఆ పట్టా ఊడిపోకుండ నిలిపినదేమి?

కొలతలోని చిన్న తేడాయే. కమ్మరి పట్టా లోపలి చుట్టుకొలతను చక్రపు చుట్టుకొలతకన్న కొంచెము తక్కువగా ఉంచును. చల్లగా ఉన్నప్పుడది చక్రముపై దిగదు. చుట్టును పిడకలు పేర్చి ఎర్రబారునట్లు కాల్చి, పట్టకారులతో ఎత్తి చక్రముపై వేయుదురు. కొయ్య పొగలు గ్రక్కుచుండగనే నీళ్లు గుమ్మరింతురు. ఇనుము సంకోచించి చక్రమును అన్ని వైపులనుండి నొక్కును. ఆకులు నడిమి కుండలోనికి బిగిసికొనును.

చక్రపు వ్యాసము 1.4 మీటర్లనుకొందము. చుట్టుకొలత సుమారు 4.4 మీటర్లు. ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడికి ఇనుము తన పొడవులో పది లక్షలకు 12 వంతులు పెరుగును. 500 డిగ్రీలు వేడెక్కిన పట్టా 26 మిల్లీమీటర్లు సాగును. ఒక సెంటీమీటరు తక్కువగా చేసిన పట్టా సులభముగా దిగును. రెండు సెంటీమీటర్లు తక్కువైనను దిగును.

అట్లయిన, ఎంత చిన్నదిగా చేసిన అంత గట్టిగా పట్టును గదా యని విద్యార్థి అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. మెత్తని ఉక్కు తన పొడవులో సుమారు 800వ వంతు వరకే సాగి, విడిచినప్పుడు తిరిగి పూర్వపు కొలతకు వచ్చును. ఇది స్థితిస్థాపక అవధి. మన పట్టాకు అది 5.5 మిల్లీమీటర్లు మాత్రమే. మిగిలిన తేడా కొయ్య ముక్కల మధ్య వదలిన సందులు మూసికొనుటకు సరిపోవలెను. అంతకు మించినచో ఆకులైనను వంగును, ఇనుమైనను శాశ్వతముగ సాగిపోవును. పిదప వేసవిలో కొయ్య ఎండి కుంచించుకొన్నప్పుడు పట్టా వదులగును. చక్రములను చెరువులో నానవేయుట అందులకే. నీరు పీల్చి కొయ్య ఉబ్బును.

నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలుమార్గము తెరువబడినది. ఆవిరి ఇంజను చక్రములకు ఉక్కు పట్టాలను ఇట్లే వేడిచేసి తొడిగెడివారు. అచ్చట తేడా వ్యాసములో సుమారు వెయ్యోవంతు. లెక్క వేసినచో, లోపలి చక్రముకన్న పట్టా 83 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిన చాలును, ఆ బిగువంతయు పోవును. దీర్ఘమైన పల్లమున బ్రేకు దిమ్మలు పట్టాను ఒరయుచుండుటవలన ఈ ప్రమాదము ఉండెడిది. పట్టా జారినదీ లేనిదీ తెలియుటకు పట్టామీదుగ చక్రముపైకి రంగుతో ఒక గీత గీసెడివారు. గీత విరిగి కనబడినచో పట్టా జరిగినట్లే.

తూటా ఇంకను సున్నితమైనది. దాని ఇత్తడి గొట్టపు మెడ గుండును పట్టియుంచవలెను. మెడను ఉక్కు అచ్చులో నొక్కి సన్నము చేయుదురు. అచ్చు విడువగనే ఇత్తడి కొంత వెనుకకు విచ్చుకొనును గనుక, అచ్చును కావలసినదానికన్న సన్నముగా అమర్చవలెను. 7.8 మిల్లీమీటర్ల గుండుకు, గట్టిపడిన ఇత్తడి సాగి తిరిగి రాగల మేర 0.03 మిల్లీమీటరు మాత్రమే. మెడను ఇంకను సన్నము చేసినను పట్టు అంతగా పెరుగదు; గుండు దూరునప్పుడే మెడ శాశ్వతముగ వెడల్పగును. పట్టు తక్కువైనచో గుండు లోనికి జారును. ఒక తూటాకు ఒకలాగ, మరొక తూటాకు మరొకలాగ ఉన్నచో గుండ్ల వేగములు సరిపోలవు.

నొక్కిన లోహములో దాగియున్న ఒత్తిడి మరియొక చిక్కు తెచ్చినది. బ్రిటిషు పాలనలో, మన దేశపు వర్షకాలమున గుఱ్ఱపుసాలలలో నిలువ చేసిన తూటాల మెడలు ఎవరును ముట్టకయే పగిలెడివి. గుఱ్ఱముల మూత్రము నుండి వెలువడు అమ్మోనియా, గాలిలోని తేమ, ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి మూడును కలిసి ఆ పని చేసినవని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ వివరించిరి. వీనిలో ఏ ఒక్కటి లేకున్నను పగులు రాదు. అందువలన మెడకు తగుమాత్రము వేడినిచ్చి ఒత్తిడిని సడలించి, ఆ పిమ్మటనే గుండు బిగించుట ఆచారమైనది.