బల్ల మీదే బిల్లు

ఈ వారం ముఖచిత్రం చూసి ఇదేం బొమ్మ అనుకుని ఉంటారు. నూనె మరకలు, రాలిన రొట్టె పొడి, వైన్ గ్లాసు అడుగు వదిలిన ఎర్రటి వలయం, వాటి మధ్య బాల్ పెన్నుతో గీకిన అంకెలు. ఎడిటర్ గారు అడిగింది ఇది కాదు. పారిస్‌లో సంప్రదాయ ఫ్రెంచి భోజనం గురించి రాయమన్నారు. వెండి మూతలు, కొవ్వొత్తులు, మడత నలగని తెల్లగుడ్డలు కావాలన్నారు. కొవ్వొత్తి వెలుగు భోజనాల మీద నాకు ఎప్పుడూ గురి లేదు. కంచంలో ఏముందో సరిగ్గా కనపడనందుకు అదనంగా డబ్బెందుకు ఇవ్వాలో నాకు అర్థం కాదు. అందుకని మిషెలిన్ నక్షత్రాల జోలికి పోకుండా, ఫోబూర్ మోంమార్త్ర్ వీధిలో 7వ నంబరు ముందు క్యూలో నిలబడ్డాను. ముఖచిత్రం మీద ఉన్నది అక్కడి బిల్లు.

ఆ భోజనశాల పేరు బుయ్యోం షార్తియే. 1896లో తెరిచారు. ముందుగా బల్ల కేటాయించడం ఉండదు, ఎంతటివాడైనా వరసలో రావాల్సిందే. లోపల ఎత్తైన హాలు, అద్దాల పైకప్పు, గోడల నిండా అద్దాలు, తలల పైన టోపీలకూ సంచులకూ ఇత్తడి కమ్మీల అరలు. ఇద్దరే వెళ్తే నలుగురు పట్టే బల్ల దగ్గర, ముక్కూమొహం తెలియని మరో ఇద్దరి పక్కన కూర్చోబెడతారు. ఇష్టం లేదంటే మీ వెనక క్యూ ఉండనే ఉంది.

జేబులెన్నో ఉన్న నల్ల వెయిస్ట్‌కోటు, పొడవాటి తెల్ల ఏప్రాన్ వేసుకున్న వెయిటర్ వస్తాడు. చేతిలో పుస్తకం ఉండదు, మీట నొక్కే యంత్రమూ ఉండదు. మీరు చెప్తూంటే ముందుకి వంగి, బల్ల మీద పరిచిన కాగితం మీదే మీ మూలకి రాసేస్తాడు. పదార్థం పేరులో రెండు మూడు అక్షరాలు, పక్కన ధర. మధ్యలో కాఫీ అడిగినా ఆ కాగితమే దస్త్రం. తినడం అయ్యాక ఒక గీత గీసి, నిలబడే కూడేస్తాడు. ఒకే బల్ల దగ్గర రెండు కుటుంబాలుంటే ఒకే కాగితం మీద రెండు లెక్కలు. పక్కవాళ్ళు ఎంత తిన్నారో మీకు తెలుస్తుంది, మీరెంత తిన్నారో వాళ్ళకి తెలుస్తుంది. మన ఊళ్ళలో పాత హోటళ్ళలో సర్వరు దూరం నుంచే గల్లా వైపు తిరిగి ఎవరు ఏం తిన్నారో, ఎంతయిందో కేకేసి చెప్పేవాడు చూడండి, ఆ బాపతు పద్ధతే ఇదీ. లెక్క నలుగురిలో జరుగుతుంది కాబట్టి మోసానికి చోటుండదు.

ఆ అంకెలు చదవడం మాత్రం మనకి కొంచెం కష్టం. ఫ్రెంచివాళ్ళ చేతిరాతలో 1కి ముందు పొడవాటి కొమ్ము ఉంటుంది, మన కంటికి అది 7. అసలు 7కి నడుం మీద అడ్డగీత. చుక్క పెట్టాల్సిన చోట కామా పెడతారు. రెండున్నర యూరోలని 2,50 అని రాస్తే, మరక పడి కామా కనపడకపోతే, గుండె ఒక్క క్షణం ఆగుతుంది.

నేను ఎక్కువసేపు చూసింది బిల్లులో లేనివాటి కోసం. రొట్టె తిన్నాను, బిల్లులో లేదు. కూజాలో కుళాయి నీళ్ళు పెట్టారు, లేవు. సేవా రుసుము లేదు, పన్ను వరస లేదు. ఇది షార్తియే వాళ్ళ ఉదారత అనుకుంటే పొరపాటు. 1967 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం రొట్టె, మామూలు నీళ్ళు, ఉప్పూ మిరియాలూ, పళ్ళాలు, గ్లాసులు, రుమాళ్ళు అన్నీ భోజనం ధరలోనే కలిసి ఉండాలి. మెనూలో రాసే ధరలో పన్నూ సేవా రుసుమూ ముందే కలిపి చూపించాలని 1987లో మరో ఉత్తర్వు వచ్చింది. టిప్పు మీ ఇష్టం. అంటే మెనూ చూసి మనసులో కూడుకున్న మొత్తం, వెయిటర్ గీత కింద వేసిన మొత్తం ఒకటే అవ్వాలి. జీఎస్టీ, సర్వీస్ చార్జి, అడక్కుండానే మూత తీసి పెట్టిన నీళ్ళ సీసా... అన్నీ కలిసి చివర్లో ఉబ్బిన బిల్లుని చూసి నవ్వు తెచ్చుకోవడం అలవాటైన నాకు ఆ కూడిక చాలా రుచించింది.

రుచి అంటే గుర్తొచ్చింది, తిండి సంగతి చెప్పలేదు. ఉడికించిన గుడ్డు, పైన మయొనేజ్. వైన్‌లో ఉడికిన బుర్గీన్యోం గొడ్డుమాంసం. బాతు కాలు, నత్తలు, పులిసిన క్యాబేజీ, రమ్ములో నానిన బాబా కేకు. వంటలో చమత్కారాలు వెతక్కండి, ఏళ్ళ తరబడి ఇవే. గుడ్డు మాత్రం రెండోసారి తెప్పించుకున్నాను. మూడు రకాలు తిని లేచినా తలకి ఇరవై యూరోల చుట్టుపక్కలే అవుతుంది. పారిస్ నడిబొడ్డున అది చౌకే.

చరిత్ర క్లుప్తంగా. 1855 ప్రాంతంలో దువాల్ అనే మాంసం వర్తకుడు, మంచి ముక్కలు అమ్మగా మిగిలిన మాంసాన్ని ఉడికించి, ఆ రసంతో కలిపి మార్కెట్ కూలీలకి చవగ్గా అమ్మడం మొదలుపెట్టాడు. ఆ మాంసం రసమే బుయ్యోం, అంగడికీ ఆ పేరే నిలిచింది. 1900 నాటికి పారిస్‌లో ఇలాంటివి దాదాపు 250. తర్వాత ఒక్కొక్కటే మూతపడ్డాయి. షార్తియే అన్నదమ్ములు పెట్టింది నిలబడింది, 1989లో ప్రభుత్వం ఆ భవనాన్ని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చింది. 2017లో పిగాల్ పేటలో కొత్త బుయ్యోం తెరిచాక ఈ రకం భోజనశాలలకి మళ్ళీ గిరాకీ వచ్చింది.

గోడకి అంకెలు వేసిన చిన్న చెక్క సొరుగులు ఇంకా ఉన్నాయి. రోజూ వచ్చే ఖాతాదారులు తమ గుడ్డ రుమాళ్ళని అందులో దాచుకునేవారు. ఇప్పుడు క్యూలో నాబోటి యాత్రికులే ఎక్కువ, బిల్లుకి ఫోటో తీసుకోవడానికి వచ్చినవాళ్ళు. ఎవరి కోసం పెట్టారో ఆ కూలీలు ఈ వీధిలో అద్దె కట్టుకుని ఉండగలరా అన్నది నా అనుమానం.

గుడ్డుకో సంఘం
మయొనేజ్ గుడ్డు మెనూల్లోంచి మాయమైపోతోందని బెంగపడి, ఆహార విమర్శకుడు క్లోద్ లబే దాన్ని కాపాడ్డానికే ఒక సంఘం పెట్టాడు. ఎవరు బాగా చేస్తారో తేల్చడానికి పోటీలు కూడా జరుగుతాయి.

బాకీకి బొమ్మ
హాల్లో గోడ మీద పెద్ద చిత్రం ఒకటి ఉంది. తిన్న తిండికి డబ్బు కట్టలేక జెర్మోం అనే చిత్రకారుడు 1929లో వేసిచ్చాడని చెబుతారు.

శాకాహారులకు
నూనె, వెనిగర్ చల్లిన ఉల్లికాడల జాతి పోరో, కారెట్ తురుము దొరికితే మొదటి వంతుకి ఇబ్బంది లేదు. సెలెరీ రెములాద్‌లో మయొనేజ్ ఉంటుంది, అంటే గుడ్డు తిన్నట్టే. పప్పుల సలాడ్ అనగానే ధైర్యపడకండి, పంది ముక్కలున్నాయేమో అడగండి. నీళ్ళు కావాలంటే ‘ఉన్ కరాఫ్ దో’ అనాలి. ఒట్టి ‘వాటర్’ అంటే సీసా రావచ్చు, అది బిల్లులో ఉంటుంది.