ఇంగ్లీషు పదబంధ క్రియలు

మండపేటలో పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమమున చదివి, ఇంటర్మీడియటులో ఇంగ్లీషు మాధ్యమమునకు మారిన ఒక విద్యార్థిని ఊహించుకొనుడు. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో అతని చేతికి ఒక కాగితము వచ్చును. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లమును పిపెట్టుతో 10 మిల్లీలీటర్లు తీసికొని, స్వేదనజలముతో ‘మేక్ అప్ టు 100 మిల్లీలీటర్స్’ అని అందులో ఉన్నది. ‘మేక్’ అనగా చేయుట అని అతనికి తెలియును. ‘అప్’ అనగా పైకి అనియు తెలియును. ‘మేకప్’ అనగా నాటకములలోను, సినిమాలలోను ముఖమునకు రంగు పూయుట అని కూడ తెలియును. ఈ మూడింటిలో ఏదియు ఇచట పొసగదు. ఏమియు తోచక అతడు 100 మిల్లీలీటర్ల నీటిని కొలిచి ఆమ్లములో పోయును.

కాగితము చెప్పినది అది కాదు. నీరు చేర్చిన పిమ్మట మొత్తము ద్రావణము 100 మిల్లీలీటర్లు కావలెనని దాని భావము. అట్లు చేసినచో గాఢత 0.1 మోలార్ అగును. ఈ విద్యార్థి తయారుచేసిన ద్రావణము సుమారు 110 మిల్లీలీటర్లు. దాని గాఢత సుమారు 0.091 మోలార్ మాత్రమే. అనగా కావలసినదానికంటె తొమ్మిది శాతము తక్కువ. తరువాత అంశమాపనము ఎంత నేర్పుతో చేసినను ఫలితము తప్పుగానే వచ్చును. అతనికి లెక్క తెలియక కాదు, చేతిలో నేర్పు లేక కాదు. ‘అప్’ అను చిన్నమాట అచట ఏమి చేయుచున్నదో తెలియకపోవుటయే ఈ పొరపాటునకు కారణము.

ఒక క్రియయు, దాని వెనుక అప్, డౌన్, ఆన్, ఆఫ్, ఇన్, అవుట్ వంటి చిన్నమాటయు కలిసి ఒకే క్రియగా పనిచేసినప్పుడు దానిని ఇంగ్లీషులో ‘ఫ్రేజల్ వెర్బ్’ అందురు. తెలుగులో పదబంధ క్రియ అనవచ్చును. 1755లో ప్రకటించిన తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్‌సన్, ఇట్టి కూర్పులు పరభాషీయులకు మిక్కిలి కష్టము కలిగించునని గుర్తించి, వానిని శ్రద్ధతో సేకరించినట్లు చెప్పెను. ఫ్రేజల్ వెర్బ్ అను పేరు మాత్రము 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ ప్రకటించిన గ్రంథము ద్వారా వ్యాప్తికి వచ్చినది.

ఈ పద్ధతి తెలుగువారికి నిజముగా క్రొత్తదా? కాదు. సంస్కృతములో ఉపసర్గలు చేయు పని ఇట్టిదే. ఆహారము, విహారము, సంహారము, పరిహారము అను నాలుగు మాటలలోను ధాతువు ఒక్కటే. ముందున్న ఉపసర్గ మారుటచే అర్థము పూర్తిగా మారినది. ఇంగ్లీషులో ఆ చిన్నమాట క్రియకు ముందు గాక వెనుక నిలుచును. ప్రాచీనాంగ్లములో అది తరచుగా ముందే ఉండెడిది. క్రమముగా వెనుకకు జరిగినది. ‘ఓవర్‌కమ్’, ‘అండర్‌స్టాండ్’ వంటివి ఆ పాత పద్ధతికి నేటికిని మిగిలిన గుర్తులు.

తెలుగు క్రియలలో కూడ ఇట్టి వింతలు లేకపోలేదు. ‘అప్పు ఎగవేసినాడు’ అన్నప్పుడు ఏ వస్తువును పైకి ఎగురలేదు. ‘కోర్టు అర్జీని కొట్టివేసినది’ అన్నప్పుడు ఎవరును ఎవరిని కొట్టలేదు. ‘కనిపెట్టు’ అను మాటలో కనుట, పెట్టుట అను రెండు క్రియలున్నవి; కాని రెండింటిని కూడినంతమాత్రమున క్రొత్త విషయమును తెలిసికొనుట అను అర్థము రాదు. అదే మాట ‘బిడ్డను కనిపెట్టుకొని ఉండు’ అన్నప్పుడు సంరక్షించుట అను మరియొక అర్థము నిచ్చును. ఇంగ్లీషులో మొదటిదానికి ‘ఫైండ్ అవుట్’, రెండవదానికి ‘లుక్ ఆఫ్టర్’ అందురు. తెలుగు నేర్చుకొను పరదేశీయునకు ‘కనిపెట్టు’ ఎంత చిక్కో, మన విద్యార్థికి ‘లుక్ ఆఫ్టర్’ అంత చిక్కు.

అయితే ఈ చిన్నమాటలు కేవలము ఇష్టము వచ్చినట్లు చేరునవి కావు. పెక్కింటిలో ఒక వరుస కనబడును. ‘అప్’ అనునది పైకి అను అర్థముతోపాటు, పని పూర్తియగుటను కూడ తెలుపును. ‘ఈట్ అప్’ అనగా మిగులకుండ తినివేయుట. ‘యూజ్ అప్’ అనగా అంతయు వాడివేయుట. ‘డ్రై అప్’ అనగా పూర్తిగా ఎండిపోవుట. ఈ ఉదాహరణలలో ‘అప్’ చేసిన పనిని తెలుగులో ‘వేయు’, ‘పోవు’ అను సహాయక్రియలు చేయుచుండుట గమనింపదగినది. ‘మేక్ అప్ టు 100’ అనునదియు ఈ వరుసలోనిదే: కొరతగా ఉన్నదానిని నూరు వరకు పూరింపుమని భావము.

‘ఆఫ్’ వేరగుటను, తెగుటను తెలుపును. ‘ప్లాంట్స్ గివ్ ఆఫ్ ఆక్సిజన్’ అనగా మొక్కలు ఆక్సిజనును విడుదల చేయునని అర్థము. ‘బాయిల్ ఆఫ్ ది వాటర్’ అనగా నీటిని మరిగించి ఆవిరిగా పోగొట్టుమని అర్థము. నీటిని మరిగించి ఊరకుండుమని కాదు. ‘డౌన్’ క్రిందికి దిగుటను, కూలుటను తెలుపును. ‘ది బస్ బ్రోక్ డౌన్ నియర్ రావులపాలెం’ అనగా రావులపాలెము దగ్గర బస్సు చెడి నిలిచిపోయినదని అర్థము. జీవశాస్త్ర పుస్తకములో పిండిపదార్థము ‘బ్రేక్స్ డౌన్’ అన్నచో, అది సరళమైన చక్కెరలుగా విడిపోవునని అర్థము. ‘అవుట్’ వెలుపలికి అను అర్థమునే గాక, అంతరించుటను కూడ తెలుపును. ‘పుట్ అవుట్ ది స్పిరిట్ ల్యాంప్’ అని ఉపాధ్యాయుడన్నప్పుడు దీపమును ఆర్పవలెను. ‘పుట్’ పెట్టుట, ‘అవుట్’ బయట అని తలచి మండుచున్న దీపమును వరండాలోనికి మోసికొనిపోయినచో ప్రమాదమే కలుగవచ్చును.

అర్థము తరువాత గమనింపవలసినది మాటల వరుస. ‘టర్న్ ఆఫ్ ది ట్యాప్’ అనవచ్చును, ‘టర్న్ ది ట్యాప్ ఆఫ్’ అనియు అనవచ్చును. కర్మస్థానమున ‘ఇట్’ వంటి సర్వనామమున్నచో అది నడుమనే రావలెను: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనుట తప్పు. ‘లుక్ ఆఫ్టర్’ వంటివి ఇట్లు విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనియే అనవలెను. ‘బ్రేక్ డౌన్’ అనునది బస్సు చెడిపోవుట అను అర్థములో కర్మ లేకుండనే నిలుచును. మూడు మాటలవియు కలవు: ‘రన్ అవుట్ ఆఫ్’ అనగా నిలువ అయిపోవుట, ‘పుట్ అప్ విత్’ అనగా ఓర్చుకొనుట.

తెలుగువాడుకనుండి పుట్టు ఒక తప్పును ఉపాధ్యాయులు తరచుగా వినుచుందురు. ‘ఫ్యాను ఆఫ్ చేయి’, ‘లైటు ఆన్ చేయి’ అని ప్రతి ఇంటను అందురు. ఇంగ్లీషు కూర్పులోని ‘స్విచ్’ అను క్రియను తెలుగు వదలివేసి, చిన్నమాటను మాత్రము గ్రహించి, దానికి ‘చేయు’ను చేర్చుకొన్నది. తెలుగులో ఇది చక్కని ప్రయోగమే. దానినే తిరిగి ఇంగ్లీషులోనికి మార్చి ‘ఆఫ్ ది ఫ్యాన్’ అనుట మాత్రము పొరపాటు. ‘స్విచ్ ఆఫ్ ది ఫ్యాన్’ అనవలెను. ఇందుకు విరుద్ధముగా, అవసరము లేనిచోట ‘అప్’ను చేర్చి ‘కోప్ అప్ విత్’ అనువారును కలరు. ‘కోప్ విత్’ అనుటయే సరియైనది.

మరియొక విశేషము. ఇంగ్లీషు పిల్లలు ముందుగా ‘పుట్ ఆఫ్’, ‘పుట్ అవుట్’ వంటివి ఇంటిలో నేర్చి, ‘పోస్ట్‌పోన్’, ‘ఎక్స్‌టింగ్విష్’ వంటి లాటిన్ మూలముగల మాటలను తరువాత చదువులో నేర్చుకొందురు. మన విద్యార్థుల విషయము తలక్రిందులు. వారికి పుస్తకములోని పెద్దమాట తెలియును. నిత్యము వాడు చిన్నకూర్పు తెలియదు. కావుననే వ్యాసమును చదివి అర్థము చేసికొనగలిగినవాడు కూడ, ప్రయోగశాలలో నోటిమాటగా ఇచ్చిన ఆజ్ఞవద్ద తడబడును.

దీనికి నివారణ కష్టమైనది కాదు. క్రియను ఒకచోట, చిన్నమాటను వేరొకచోట చదివి కూడుటకు బదులు, రెండింటిని ఒకే మాటగా, ఒక పూర్తి వాక్యములో నేర్వవలెను. ‘గివ్ అప్’, ‘గివ్ ఇన్’, ‘గివ్ ఆఫ్’ అని జాబితాగా వల్లించిన విద్యార్థి మూడింటిని కలిపివేయును. ‘అతడు చుట్ట మానివేసినాడు’, ‘శత్రువు లొంగిపోయినాడు’, ‘ఆమ్లము వాయువును విడుదల చేసినది’ అను మూడు సంగతులతో నేర్చినవాడు వానిని మరువడు. విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు ప్రయోగములలో వచ్చు ఇట్టి కూర్పులను, సెట్ అప్, క్యారీ అవుట్, మేక్ అప్, ఫిల్టర్ ఆఫ్, గివ్ ఆఫ్, పుట్ అవుట్ మొదలగువానిని, తెలుగు వాక్యములతో సహా వ్రాసి ప్రయోగశాల గోడపై తగిలించినచో మిక్కిలి ఉపయోగకరము. ప్రయోగము ప్రారంభించుటకు ముందు కాగితములోని ఒక్కొక్క ఆజ్ఞను విద్యార్థిచేత తెలుగులో చెప్పించుట ఇంకను మేలు. అందుకు పట్టునది ఐదు నిమిషములు. ‘మేక్ అప్’ దగ్గర ఆగిపోయిన విద్యార్థి ఎవరో ఆ ఐదు నిమిషములలోనే, నీరు పోయుటకు ముందుగనే, తెలిసిపోవును.