మంచు కొండదారిలో నిద్రే తొలి ఔషధం

మార్గశిరం ప్రవేశించి చలి ముదిరేసరికి ఎస్. రాయవరం, యలమంచిలి, నక్కపల్లి ప్రాంతాల ఇళ్ళలో ఒక మాట తరచుగా వినబడుతుంది. “ఈ ఆదివారం లంబసింగి వెళ్దామా?” అన్నదే ఆ మాట. ఎస్. రాయవరం మండలంలోని అడ్డురోడ్డు వద్ద జాతీయ రహదారిని విడిచి, నర్సీపట్నం మీదుగా చింతపల్లి దారి పట్టినవారు కొద్ది గంటలలోనే సముద్రతీరపు వాతావరణం నుండి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తునున్న మన్యపు చలిలోనికి చేరుకుంటారు. లంబసింగికి స్థానికంగా కొర్రబయలు అని మరొక పేరు ఉన్నది. ఆరుబయట ఉన్నవారు చలికి కర్రవలె బిగుసుకుపోతారని ఆ పేరుకు అర్థం చెబుతారు.

ఈ యాత్ర ఆనందదాయకమే. అయితే సూర్యోదయ వేళకు చెరువులవేనం కొండపై నిలిచి మేఘసముద్రాన్ని చూడాలన్న కోరికతో అనేకులు అర్ధరాత్రి దాటగానే ఇల్లు విడుస్తారు. తత్ఫలితంగా ఘాట్ రోడ్డు మలుపులను తెల్లవారుజామున 3, 4 గంటల వేళ ఎక్కవలసి వస్తుంది. పొగమంచు దట్టంగా ఉండే సమయమూ, మానవ శరీరం నిద్రకు పూర్తిగా లొంగే సమయమూ అదే. ఈ రెండింటి కలయికలోనే ప్రమాదమంతా ఇమిడి ఉన్నది.

మంచు స్వభావం

ఆకాశం నిర్మలంగా ఉన్న శీతకాలపు రాత్రులలో భూమి తన వేడిని త్వరగా కోల్పోతుంది. నేలను ఆనుకొని చల్లబడిన గాలి బరువెక్కి లోయలలోనికి జారుతుంది. అందులోని తేమ సూక్ష్మ బిందువులుగా మారి పొగమంచుగా కమ్ముకుంటుంది. లంబసింగి పరిసరాలలో కొన్ని రోజులు ఉదయం 9, 10 గంటల వరకు కూడా అది విడవదు. ఈ బిందువులపై పెద్ద దీపపు కాంతి పడితే చెదిరి తిరిగి చోదకుని కళ్ళలోనే పడుతుంది. కనుక మంచులో దీపాన్ని కిందికి దించి నడపడమే సరియైన పద్ధతి.

ఆపరాని వేగం

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని శరీరాన్ని నిలిపే ఉపస్తంభాలుగా చరక సంహిత పేర్కొన్నది. బలవంతంగా ఆపకూడని 13 వేగాలలో నిద్రావేగం ఒకటి. దానిని అణచినవారికి ఆవులింతలు, ఒళ్ళు నొప్పులు, మగత, తలనొప్పి, కనురెప్పల బరువు కలుగుతాయని చరకుడు వివరించాడు. సుదూర ప్రయాణంలో ఏ చోదకుడైనా ఈ లక్షణాలను గుర్తించగలడు. ఇవి కనిపించినప్పుడు శరీరం హెచ్చరిక చేస్తున్నదని గ్రహించాలి.

ఆధునిక పరిశోధన కూడా ఈ విషయాన్నే బలపరచింది. వరుసగా 17 గంటలు మేల్కొని ఉన్నవారి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి చురుకుదనంతో సమానంగా తగ్గుతుందని 1997లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. ఉదయం 6 గంటలకు లేచి, పగలంతా పనిచేసి, నిద్రించకుండా అర్ధరాత్రి స్టీరింగు పట్టినవారు అప్పటికే 18 గంటలు మేల్కొన్నవారు! గంటకు 40 కి.మీ. వేగంతో పోతున్న వాహనంలో చోదకుడు మూడు సెకన్లు కునికితే, ఆ వాహనం 33 మీటర్లు దిక్కులేకుండా సాగిపోతుంది. ఘాట్ రోడ్డు మలుపులో అంత చోటు ఎక్కడున్నది?

2021 ఫిబ్రవరి 12న హైదరాబాదు నుండి అరకు చూడవచ్చిన యాత్రికుల బస్సు తిరుగుప్రయాణంలో అనంతగిరి ఘాట్‌లో డుముకు సమీపాన లోయలో పడి నలుగురు మరణించారు. కారణం ఏదైనప్పటికీ, కొండదారిలో పొరపాటును దిద్దుకొనే అవకాశం బహు స్వల్పమని ఇటువంటి సంఘటనలు తెలియజేస్తున్నవి.

మాత్రల విషయంలో మెలకువ

జలుబుకు, తుమ్ములకు వాడే క్లోరోఫెనిరమిన్, సెటిరిజిన్ వంటి మాత్రలు, ప్రయాణపు వాంతులకు వాడే ప్రోమెథజీన్ వంటి మాత్రలు నిద్రమత్తును కలిగిస్తాయి. బయలుదేరే ముందు పిల్లలకు ఇచ్చిన మాత్రనే “ముందు జాగ్రత్తకు” వాహనం నడిపేవారు కూడా వేసుకోవడం కొన్ని ఇళ్ళలో అలవాటు. ఇది ఎంతమాత్రం తగదు. ఏ మాత్ర వాడుతున్నా అది మత్తునిచ్చేదో కాదో వైద్యుని ముందుగానే అడగాలి.

“చలికి ఒక గుక్క” అంటూ మద్యం పుచ్చుకోవడం మరింత అనర్థం. మద్యం చర్మంలోని రక్తనాళాలను విప్పి వెచ్చదనపు భ్రాంతిని మాత్రమే ఇస్తుంది. వాస్తవానికి శరీరం లోపలి వేడి బయటకు పోతుంది.

వంటింటి సాయం

మలుపులలో కడుపు తిప్పేవారు చిన్న అల్లం ముక్కను సైంధవ లవణంతో నములుతుండవచ్చు. చిటికెడు శొంఠిపొడిని తేనెతో కలిపి ప్రయాణానికి అరగంట ముందు తీసుకోవచ్చు. ఏడాది నిండని శిశువులకు తేనె ఇవ్వరాదు. ముక్కు దిబ్బడకు వాము వేయించి పలుచని గుడ్డలో మూటకట్టి వాసన చూడడం మన ఇళ్ళలో తెలిసిన ఉపాయమే. ఉబ్బసం ఉన్నవారు చెవులు, ముక్కు కప్పుకొని, తాము వాడే మందును చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుందని శాస్త్రం చెప్పినది. అయినను వాహనం నడిపేవారు బయలుదేరే ముందు కడుపునిండా పులిహోర, గారెలు ఆరగించడం మంచిది కాదు. రెండు ఇడ్లీలు, వేడి శొంఠికాఫీ చాలు.

అయితే అల్లం వికారాన్ని తగ్గించగలదేగాని నిద్రకు బదులు కాజాలదు. కాఫీ ప్రభావం చూపడానికి సుమారు అరగంట పడుతుంది, అదీ కొంతసేపే. మగత కమ్మినప్పుడు వాహనాన్ని క్షేమమైన చోట నిలిపి 15, 20 నిమిషాలు కునుకు తీయడం తక్షణ చికిత్స. మార్గాయాసం పొందినవారు, రాత్రి మేల్కొన్నవారు పగటి నిద్రకు అర్హులని చరకుడు మినహాయింపు ఇచ్చాడు. మేల్కొన్న కాలంలో సగం మేర ఉదయం భోజనానికి ముందే నిద్రించాలని వాగ్భటుడు సూచించాడు. తిరుగుప్రయాణానికి ముందు ఈ సూత్రాన్ని తప్పక పాటించండి.

దిగేటప్పుడు

దిగుడులో బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. కాలిన వాసన రాగానే ఆగి చల్లారనివ్వాలి. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల సూత్రం నేటికీ శిరోధార్యం. ఇరుకు దారిలో ఎదురుగా ఎక్కి వచ్చే వాహనానికి దిగేవారే దారి ఇవ్వాలి. వెనుక కూర్చున్నవారు కూడా బెల్టు కట్టుకోవాలి.

మన కొండలలో మంచు తేమగానే ఉంటుంది. హిమాలయ యాత్రకు వెళ్ళేవారు, అమెరికాలో ఉన్న పిల్లల వద్దకు వెళ్ళేవారు గడ్డకట్టిన రోడ్డును చూస్తారు. గంటకు 60 కి.మీ. వేగంలో పొడి రోడ్డుపై బ్రేకు వేస్తే కారు సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. మంచుగడ్డపై అదే కారుకు 140 మీటర్లు పట్టవచ్చు. నల్లని తారు రంగులోనే కనిపించే పలుచని మంచుపొర మరీ మోసకారి. అది వంతెనలపై ముందుగా ఏర్పడుతుంది. అచ్చట నెమ్మదితనమొక్కటే రక్ష.

వెచ్చదనంలో పొంచి ఉన్న ముప్పు

మూసిన గదిలోగాని గుడారంలోగాని బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించరాదు. ఇంజను నడుస్తుండగా అద్దాలు బిగించుకొని కారులో పడుకోరాదు. కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు, వాసన లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వికారం, మైకం తోచితే వెంటనే ఆరుబయటకు వచ్చి 108కి తెలపాలి.

కావున గృహస్థులు ఈ యాత్రను మరొక విధంగా ఏర్పాటు చేసుకొనుట శ్రేయస్కరం. ముందునాటి మధ్యాహ్నమే బయలుదేరి, వెలుతురు ఉండగానే ఘాట్ దాటి, రాత్రి పైననే బస చేయండి. చోదకునికి ఏడు గంటల నిద్ర లభించేట్లు ఇంటిల్లిపాదీ చూడండి. తెల్లవారి మంచును తనివితీరా చూచి, అది విడిన తరువాతనే దిగిరండి. అట్లు వీలుకానినాడు సూర్యోదయాన్ని వదులుకోండి. మేఘాలు మరునాడూ వస్తాయి.